పళ్ళతో విన్న మాట

రెండో పంపు బేరింగు మీద ఇనుప కడ్డీ ఒక కొన ఆనించి, రెండో కొన పళ్ళ మధ్య బిగించి, మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. దవడలోంచి కణతల దాకా సన్నటి గరగర పాకింది. ఇసుక నమిలినట్టుంది. నిన్న ఇది లేదు. గ్రీజు ఎండిపోతోందన్నమాట. కడ్డీ తీసి, చొక్కా చేతికి తుడిచి, నాలుగు నొక్కులు గ్రీజు ఎక్కించాడు. మళ్ళీ పళ్ళకి ఆనించాడు. ఈసారి మోత నున్నగా, పాలు తాగి పడుకున్న పిల్లాడి ఊపిరిలా సాగింది.

"ఊఁ, పడుకో" అన్నాడు పంపుతో.

ఊరంతటికీ నీళ్ళు తోడే పంపుహౌసు అది. ఎనిమిది ఇనుప మెట్లు దిగితే గొయ్యిలాంటి గది, అందులో వరసగా మూడు పంపులు, గోడకి గుండ్రటి ప్రెషరు మీటరు, మూల ఒక బల్ల, బల్ల మీద గుడ్డపీలికలు. పంపు ఇరుసు బయటికొచ్చే చోట నీళ్ళు చుక్క చుక్కగా కారుతూ ఉండాలి. చుక్క ఆగితే లోపల రాపిడికి కాలిపోతుంది, ధార కడితే నీళ్ళు వృథా. ఆ చుక్కల్ని ఆయన ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాడు. ఊళ్ళో ఎవరు కుళాయి తిప్పినా ఈయన గుర్తుకు రాడు. నీళ్ళు రాని రోజు మాత్రం అందరూ గుర్తుచేసుకుంటారు, అదీ తిట్టడానికి.

మేస్త్రికి చెవులు వినపడవు. ఆరో ఏట చెవుల్లో చీము పట్టింది. వాళ్ళమ్మ కంగారు మనిషి. వీధిలో ఎవరు ఏ మందు చెబితే అది వెచ్చచేసి పోసింది. రాత్రుళ్ళు పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని కూచుంది. చీము తగ్గింది, చెవులూ మూసుకుపోయాయి. తన చేత్తోనే పోశానని ఆ తల్లి చచ్చేదాకా కుమిలింది. ఎముకలోంచి వచ్చే మోత మాత్రం ఆయనకి మిగిలింది. తన గొంతు తనకి పెద్దగానే వినపడుతుంది గనక చెవిటివాళ్ళందరిలా అరవడు, మెల్లగా మాట్లాడతాడు. ఎదుటివాళ్ళే ఆయన మాట వినడానికి ముందుకు వంగాలి.

పెదాలు చూసి ఆయన చాలా మటుకు గ్రహిస్తాడు. కానీ నలుగురు చేరి నవ్వుకునేటప్పుడు ఎవరి పెదాలని చూస్తాడు? "ఏంటి? ఏమన్నాడు?" అని పక్కవాడి మోచెయ్యి తడితే, వాడు నవ్వు తుడుచుకుంటూ "ఏం లేదులే" అంటాడు. ఆ ఒక్క మాట మటుకు పెదాలు చూడకుండానే పట్టేయగలడు. యాభై నాలుగేళ్ళ జీవితంలో ఆయనకి జనం ఎక్కువసార్లు చెప్పిన మాట అదే.

మెట్ల మీద ఎవరో దిగుతున్నట్టు కాళ్ళకింద ఇనుము అదిరింది. తలెత్తాడు. రాత్రి డ్యూటీ అతను. పొద్దున ఆరింటికే పని అప్పజెప్పి ఇంటికి పోయినవాడు, పదకొండు కాకుండానే మళ్ళీ వచ్చాడు. ఆయనకంటే ఇరవై ఏళ్ళు చిన్న.

"నిద్రపోలేదేం?" అన్నాడు మేస్త్రి.

అతను ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేలా చెప్పాడు. "ఎక్కడ పడుతుంది బాబాయ్? నాలుగింటికి సభ. గుర్తుందా?"

"మర్చిపోతానా!"

"ముచ్చటగా మూడోసారి. తిరుగులేదు పో. ఒక్కటే చిక్కు."

"ఏంటది?"

"సభలో ముందొచ్చినవాడే అన్న. ఇవాళ్టి నుంచి నువ్వు నన్ను అన్నా అనాలి."

"పోరా" అన్నాడు మేస్త్రి. కానీ నవ్వు ఆగలేదు.

ఊరి నడుమ రెండంతస్తుల మేడలో ఉంది అన్నదమ్ముల సభ. ఎప్పుడో వరదకి ఊరు కొట్టుకుపోతుంటే ఒక తాడు పట్టుకుని నిలబడ్డ మగవాళ్ళు పెట్టుకున్నది. వడ్రంగి, వైద్యుడు, క్షురకుడు, బండి తోలేవాడు, అందరూ ఉంటారందులో. సోదరుడి ఇంటికప్పు లేచిపోతే పదిమంది నిచ్చెనలు తెస్తారు. సోదరుడు మంచాన పడితే వంతులేసుకుని పక్కన కూచుంటారు. మేస్త్రికి కావలసింది ఇవేవీ కాదు. ఆయన ఇంటికప్పు గట్టిది, ఒళ్ళు ఇంకా గట్టిది.

సభలో చేరేవాడికి పెద్దన్న ఒక మాట చెబుతాడు. ఒకే ఒక్క మాట, ఒకే ఒక్కసారి. మాట కంట పడకూడదు, రాతలో పడకూడదు, మూడో మనిషి చెవిన పడకూడదు. అందుకని ఇద్దరి మధ్యా దళసరి గుడ్డ తెర కడతారు. మిగతా సోదరులంతా గోడల వైపు తిరిగి నిలబడతారు. తెర అవతల నుంచి పెద్దన్న గుసగుసగా చెబితే, ఇవతలివాడు విని, అదే మాట తిరిగి చెప్పాలి. చెబితే సోదరుడు. చెప్పలేకపోతే వచ్చిన దారినే పోవాలి. మూడుసార్లకి మించి అవకాశం లేదు.

ఇరవై రెండో ఏట ఒకసారి, ముప్పై ఏడో ఏట ఒకసారి మేస్త్రి ఆ తెర ముందు నిలబడ్డాడు. గుడ్డ కొంచెం కదిలింది. అంతే. చెమటలు కక్కుతూ నిలబడి నిలబడి తలుపు వైపు తిరిగాడు. ఊళ్ళో నాలుగువందలమంది మగాళ్ళకి తెలిసిన మాట అది. వాళ్ళు దాన్ని జేబులో వేసుకుని తిరుగుతున్నట్టు, తన జేబుకి మాత్రం చిల్లు ఉన్నట్టు అనిపించేది ఆయనకి.

నెల కిందట రాత్రి డ్యూటీ అతను ఈయన నోట్లో కడ్డీ చూసి "పళ్ళతో ఏం వింటావు బాబాయ్?" అని అడిగాడు. మేస్త్రి కడ్డీ రెండో కొన అతని పళ్ళకి పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని "మాట్లాడు" అన్నాడు. అతను మా ఆవిడ పోరు పడలేకపోతున్నానని ఏదో గొణిగాడు. మేస్త్రి వెంటనే "తప్పు నీదే, వేళకి ఇంటికి పో" అన్నాడు. అతను ఎగిరి గంతేశాడు.

"ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"అడిగిందెవరు?"

ఆ వారమే అతను సభలో మేస్త్రి పేరు పెట్టాడు.

*

రెండింటికి డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి భార్య తెల్లచొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించింది. కాన్పుకొచ్చిన కూతురు మూడునెలల పిల్లాణ్ణి ఉయ్యాల్లో వేసి, ఉయ్యాల మీదికి వంగి కళ్ళార్పకుండా చూస్తోంది. మొదటి కాన్పు. పిల్లాడు ఏడిస్తే భయం, ఏడవకపోతే ఇంకా భయం.

"నాన్నా, చూడు. మెదలటం లేదు" అంది.

మేస్త్రి ఉయ్యాల చెక్క మీద అరచెయ్యి పెట్టాడు. చెక్కలోంచి చిన్న పంపు ఒకటి టకటకా ఆడుతున్నట్టు తెలిసింది.

"బ్రహ్మాండంగా ఉన్నాడు. నువ్వే ఊపిరి బిగబట్టావు. వదులు."

ఆ పిల్ల సిగ్గుపడి నవ్వి, ఊపిరి వదిలింది.

అన్నం తిని లేచాక భార్య నేల మీద కాలితో రెండుసార్లు తట్టింది. ఆవిడ పిలుపు అది. దగ్గరికెళ్ళాడు. చొక్కా బొత్తాలు పెడుతూ, తన నుదురు ఆయన కణతకి ఆనించింది. ముఖ్యమైన మాటలు ఆవిడ ఇరవై ఎనిమిదేళ్ళుగా అలాగే చెబుతుంది. ఎముక నుంచి ఎముకకి.

"పోయినసారి పదిహేను రోజులు నోరు విప్పలేదు మీరు. గుర్తుందా?"

"ఊఁ."

"ఈసారి కాకపోతే కాకపోయింది. తిన్నగా ఇంటికి రండి. చెరువులూ గుట్టలూ పట్టుకు తిరగొద్దు. ఆ మాట లేకుండానే ఇంత సంసారం ఈదాం."

"ఈదాం" అన్నాడు. "కానీ అదేంటో తెలుసుకోవాలిగా."

ఆవిడ నుదురు తీసేసింది. ఇక చెప్పి లాభం లేదని ఆవిడకి తెలుసు. ఇనుప కడ్డీని సబ్బుతో కడిగి, శుభ్రమైన తువ్వాల్లో చుట్టి, చంటిబిడ్డనిచ్చినట్టు చేతికిచ్చింది.

*

సభ తలుపు దగ్గర చిన్న పీట మీద కూచుని ఉన్నాడు రాత్రి డ్యూటీ అతను. అందరికంటే చివర చేరినవాడే తలుపు కాయాలి, ఇంకొకడు చేరేదాకా. అదీ అక్కడి రివాజు. మేస్త్రి చేతిలో తువ్వాలు చూసి లేచి నిలబడ్డాడు. మొహం పాలిపోయింది.

"బాబాయ్... అందులో ఉన్నది కడ్డీయేనా?"

"మరేంటి?"

"ఇనుము లోపలికి రాకూడదు కదా! కత్తులు పట్టుకుని అన్నదమ్ముల దగ్గరికి పోకూడదని రూలు. తాళంచెవులు కూడా ఇక్కడే పెట్టాలి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నెలరోజులు ఆలోచించారు. ఏ పంటితో పట్టాలి, ఎంత గట్టిగా పట్టాలి, అన్నీ సరిచూసుకున్నారు. ఇది మాత్రం ఇద్దరికీ తట్టలేదు. వెనకటి రెండుసార్లూ తాళంచెవులు ఈ గుమ్మంలోనే వదిలి వెళ్ళిన మనిషి మేస్త్రి. సభ ఉన్నప్పుడల్లా ఆ గుమ్మం కాసే మనిషి రెండో అతను. వాళ్ళ లెక్కలో అది ఇనుము కాదు మరి. చెవి.

"చెవిని గుమ్మంలో వదిలి రమ్మంటే ఎట్లారా?" అన్నాడు మేస్త్రి. గొంతు అసలే చిన్నది, ఇంకా తగ్గింది.

అప్పటికే లోపల నుంచి పిలుపొచ్చింది. కడ్డీ పీట పక్కన పెట్టి, ఖాళీ చేతులతో లోపలికి నడిచాడు. వెనక్కి తిరిగి ఇంటికి పోవచ్చు. పోతే మూడోసారి మిగిలే ఉంటుంది. కానీ కాళ్ళు తెర వైపే నడిచాయి. ఇంక దాచుకుని ఏం చేసుకోను అనుకున్నాయేమో.

పొడుగాటి హాలు. కిటికీల్లోంచి సాయంత్రపు ఎండ బల్లచెక్కల నేల మీద పడుతోంది. యాభైమంది దాకా ఉన్నారు. తెర ముందు పెద్దన్న నిలబడి ఉన్నాడు. ఎనభై దగ్గరపడ్డ మనిషి, నోట్లో ఎదురుపళ్ళు నాలుగే మిగిలాయి, పైపెదవిని పూర్తిగా కప్పేసే మీసాలు. చేతిలో నిలువెత్తు చేవకర్ర. సభ మొదలైనప్పటి నుంచి పెద్దన్నల చేతులు మారుతూ వస్తోంది. దానికి ఎక్కడా చిన్న మేకు కూడా లేదు.

రాత్రి డ్యూటీ అతను పరిగెత్తుకొచ్చి పెద్దన్న చెవిలో గోల పెట్టాడు. రెండుసార్లు చెప్పాక ముసలాయనకి అర్థమైంది. చేతిలో కర్ర కేసి చూశాడు. మేస్త్రి కేసి చూశాడు.

"కర్రతో వినపడదా?" అన్నాడు.

మీసాల వల్ల మేస్త్రికి ఆ పెదాలు తెలియలేదు. కానీ ఆ చూపు తెలిసింది.

"పొడి కర్రయితే ఇనుము కంటే మెత్తగా వినపడుతుందండీ."

"ఆగండి" అంటూ లేఖరి లేచాడు. సభ పుస్తకం చూసేవాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు, మాట అంతకంటే పొడుగు. "నోటి నుంచి చెవికి అని రాసి ఉంది. కర్ర నుంచి పంటికి అని లేదు. రేపు ఒకడొచ్చి కాలివేలితో వింటానంటే?"

"వింటే వినిపిద్దాం" అన్నాడు పెద్దన్న.

"నాకు నమ్మకం లేదు. ముందు పరీక్ష పెట్టాలి. నేనే పెడతాను."

సభ గొణిగింది, ఒప్పుకుంది. అందరూ గోడల వైపు తిరిగారు. తెర దించారు. కర్రని గుడ్డ అంచు పక్క నుంచి ఇటు ఒక కొన, అటు ఒక కొన వచ్చేలా పెద్దన్న చేత్తో పట్టుకున్నాడు. అవతలి కొన లేఖరి కొరికి పట్టుకున్నాడు, ఇవతలి కొన మేస్త్రి వంగి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. పాత కర్ర, వందమంది చేతుల చెమట రుచి. కళ్ళు మూశాడు.

మొదట ఏమీ లేదు. తర్వాత కర్రలోంచి లేఖరి గొంతు వచ్చింది. బయట ఎవరికీ వినపడనంత లోగొంతు. ఎదుటివాడికీ వినపడదనే ధీమాతో మాట్లాడుతున్న గొంతు.

"ముప్పై రెండేళ్ళ కిందట నువ్వు ఇక్కడ మొద్దులా నిలబడితే నవ్వింది నేను. నవ్వు ఆపుకోలేకపోయాను. అది నీకెలాగూ వినపడలేదులే, ఇదీ వినపడదు."

మేస్త్రి కర్ర నోట్లోంచి తీశాడు. హాలంతా వింటోంది.

"వినపడలేదు గానీ, కనపడిందండీ" అన్నాడు మెల్లగా. "అందరూ గోడల వైపు తిరిగి ఉంటే, మూడో కిటికీ దగ్గర ఒకరి భుజాలు ఊగాయి. అది మీరేనని అప్పుడే తెలుసు. మనసులో ఏం పెట్టుకోలేదు. నేనైనా నవ్వేవాణ్ణేమో."

లేఖరి తెర పక్క నుంచి ఇవతలికి వచ్చాడు. మొహం ఎర్రగా కందిపోయింది. బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకం మూసేసి, తన చోటికి వెళ్ళి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఈసారి ఆ భుజాలు నిటారుగా ఉన్నాయి.

పెద్దన్న తెర అవతలికి వెళ్ళాడు. కర్ర కొన తన నాలుగు పళ్ళతో పట్టుకున్నాడు.

మాట వచ్చింది.

గుసగుసలా రాలేదు. పంటి మొదట్లో పుట్టి, దవడ పట్టుకుని పైకి పాకి, నెత్తి ఎముక నిండా పరుచుకుంది. చిన్న మాటే. రోజూ ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట అనేదే. ముప్పై రెండేళ్ళు తలుపు బయట నిలబెట్టింది ఇదా అని ఒక్క క్షణం ఆశ్చర్యపోయాడు. ఆ వెంటనే, అవును మరి, ఇంకేం మాట ఉంటుంది అనిపించింది. కళ్ళల్లోంచి నీళ్ళు చుక్క చుక్కగా కారాయి. అలా కారితేనే లోపల కాలిపోకుండా ఉంటుంది.

కర్రని గట్టిగా పట్టుకుని అదే మాట తిరిగి చెప్పాడు.

తెర అవతల ధబ్బుమని చప్పుడు. పెద్దన్న కర్ర వదిలేసి, తెర లాగేసి బయటికొచ్చాడు. చెయ్యి దవడ మీద ఉంది.

"అమ్మో! దవడ జిల్లుమంది" అన్నాడు. "వినపడిందిరోయ్! నాకు వినపడింది!"

"మీకు వినపడటం ఏంటి పెద్దన్నా?" అన్నాడు ఇటు తిరుగుతూ వైద్యుడు.

ముసలాయన ఒక్కసారి అందరినీ చూశాడు. ఇంక దాచి లాభం లేదనుకున్నాడు.

"నాకు చెవులు మందగించి ఆరేళ్ళయింది, గట్టిగా అంటే తప్ప వినపడదు. చెప్పటం చెబుతున్నా గానీ, కొత్తగా చేరేవాళ్ళు తిరిగి గుసగుసగా ఏమంటున్నారో ఒక్క ముక్క వినపడితే ఒట్టు. పెద్దరికం పోతుందని తల ఊపి లోపలికి రానిచ్చేస్తున్నాను."

రాత్రి డ్యూటీ అతను తలుపు దగ్గర నుంచే అరిచాడు.

"అంటే నేను చెప్పింది?"

"నువ్వేం చెప్పావో ఆ దేవుడికే ఎరుక."

ఒకళ్ళు నవ్వారు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. గోడల దగ్గరున్న వాళ్ళు కిటికీ ఊచలు పట్టుకుని నవ్వారు, లేఖరి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మేస్త్రి ఎవరి పెదాలు చూడాలో తెలియక దిక్కులు చూశాడు. అంతలో లేఖరి గబగబా ఎదురుగా వచ్చి నిలబడి, పెదాలు బాగా కదిలిస్తూ, ఎవరేమన్నారో మొదటి నుంచి చివరి దాకా అంతా చెప్పాడు. ఒక్క ముక్క వదల్లేదు. అప్పుడు మేస్త్రి నవ్వాడు. అందరికంటే ఆఖర్న, అందరికంటే ఎక్కువసేపు.

ఆరేళ్ళలో చేరిన పదకొండుమందీ వరసలో నిలబడి కర్ర కొరకాల్సి వచ్చింది. ఇద్దరు మాట తప్పు చెప్పారు. ఆరేళ్ళుగా తప్పు మాటే భద్రంగా దాచుకున్నారు పాపం. పెద్దన్న దిద్ది పంపాడు. తలుపు దగ్గర ఉన్నందువల్ల రాత్రి డ్యూటీ అతని వంతు ఆఖర్న వచ్చింది.

"ఈ పదకొండుమందీ ఇవాళే చేరినట్టు రాయండి" అన్నాడు పెద్దన్న లేఖరితో. "మేస్త్రి పేరు కింద."

రాత్రి డ్యూటీ అతను నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. మేస్త్రి అతని భుజం తట్టి, "ఏరా తమ్ముడూ" అన్నాడు.

తలుపు కాపలా మళ్ళీ ఆ తమ్ముడికే వచ్చింది. కానీ మేస్త్రి తనకిమ్మని అడిగాడు.

"వినపడనివాడివి తలుపెట్లా కాస్తావు?" అన్నారు.

"వీపు ఆనించి కూచుంటాను. తడితే నాకే ముందు తెలుస్తుంది. బయట నిలబడ్డవాడు ఎక్కువసేపు నిలబడకూడదు."

ఎవరూ కాదనలేదు.

*

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టారు. భార్య వీధి తలుపు దగ్గరే ఉంది. మొహం చూడగానే ఆవిడకి తెలిసిపోయింది. అయినా దగ్గరికి లాక్కుని నుదురు కణతకి ఆనించింది.

"చెప్పారా?"

"చెప్పారు."

"విన్నారా?"

"విన్నాను."

"ఏంటో అది?"

మేస్త్రి ఛాతీ పొంగింది. మీసం లేని పెదవి మీద లేని మీసం దువ్వుకున్నాడు.

"ఏం లేదులే" అన్నాడు.

ఆవిడ తెల్లబోయి చూసింది. తర్వాత ఆయన వీపు మీద ఒక్కటి చరిచి, నవ్వలేక నేల మీద కూలబడింది. లోపల ఉయ్యాల్లో పిల్లాడు ఉలిక్కిపడి లేచి, గుక్కపట్టి ఏడ్చాడు. పిల్లతల్లికి ఎందుకో ఆ ఏడుపు ఆ రోజు భయమనిపించలేదు.

పదకొండేళ్ళు ఆ తలుపు కాశాడు మేస్త్రి. మధ్యలో పెద్దన్న పోయాడు, లేఖరి పెద్దన్న అయ్యాడు. తలుపు తట్టిన ఏ మనిషికీ రెండోసారి తట్టాల్సిన పని పడలేదు. ఒక ఆదివారం సాయంత్రం ఎండ తగ్గుతుండగా ఎవరో వచ్చి మూడుసార్లు తట్టారు. మళ్ళీ తట్టారు. లోపల ఉన్నవాళ్ళు వచ్చి చూస్తే, పీట మీద కూచుని, తల తలుపుకి ఆనించి, ఎవరి మాటో శ్రద్ధగా వింటున్నట్టు ఉన్నాడు.

మర్నాడు పొద్దున పంపుహౌసులో రాత్రి డ్యూటీ తమ్ముడు కడ్డీ పళ్ళకి ఆనించి, మూడు పంపులూ విని, అప్పుడు స్మశానానికి బయల్దేరాడు. సభ వాళ్ళు నాలుగువందలమందీ వచ్చారు. మాట మేస్త్రి నోరు దాటలేదు, భార్యకి చివరికీ తెలియలేదు.

తర్వాతి ఏడు హాలుకి రంగులు వేయించారు. తలుపుకి కొత్తగా ఆకుపచ్చ పూశారు, ఒక్కచోట తప్ప. మనిషి కూచుంటే తల ఆనేంత ఎత్తులో, అరచేయంత మేర, తలనూనె పట్టి నున్నబడ్డ పాత చెక్క గుండ్రంగా మెరుస్తోంది.